34 నిండబోతున్నాయి, ఇద్దరు పిల్లలు. బెంగళూరులో జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమాలో చేరొచ్చా?

హిందూపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చేశాం, కేఆర్ పురంలో ఉంటున్నాం. ఈ డిసెంబరుకి నాకు 34 నిండుతాయి. పాప ఐదో తరగతి, బాబు యూకేజీ. మా ఆయన క్యాబ్ నడుపుతారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా ఇంట్లో చిన్న చిన్న పనులు చేసిపెడుతుంది.

2009లో ఇంటర్ బైపీసీ పాసయ్యాను, 1000కి 548 మార్కులు. అప్పుడే నర్సింగ్ చేరాలనుకున్నాను. అదే ఏడాది నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన పక్కన మనిషి ఉండాల్సి వచ్చి ఆగిపోయాను. తర్వాత పెళ్లి, పిల్లలు.

ఆరేళ్లుగా ఇక్కడే ఒక చిన్న నర్సింగ్ హోంలో రిసెప్షన్‌లో పని చేస్తున్నా. నెల క్రితం రాత్రి ఒక తాతను తెచ్చారు. అనంతపురం జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చారట. గుండె జబ్బు మనిషి. వాంతులై నీరసించిపోయారు. సెలైన్ పెట్టాక సిస్టర్ వెళ్లిపోలేదు. గడియారం కళ్ల ముందు పెట్టుకుని, ఆ చిన్న గొట్టంలో పడే చుక్కల్ని పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. గొట్టానికున్న చిన్న చక్రాన్ని కొంచెం తిప్పి మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి కూడా. ఎందుకక్కా అంతగా అంటే, "తొందరగా ఎక్కితే ఈ గుండె తట్టుకోదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది" అంది. తాతకు కన్నడం రాదు, నేనే పక్కన నిలబడి తెలుగులో ధైర్యం చెప్పా. ఆ రాత్రి ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు. ఆ గడియారం పట్టుకుని నిలబడే పని నాకు కావాలి.

నా భయాలు చెప్తా. వయసు దాటిపోతుందేమో. పదో తరగతి, ఇంటర్ మెమోల్లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో అత్తింటిది. చదువు వదిలి ఇన్నేళ్లైంది, ఇంగ్లీషులో ఆ పెద్ద పెద్ద పేర్లు ఎలా బుర్రకెక్కుతాయో. పైగా ఒక ఏజెంటు కలిశాడు. క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, 60 వేలు ఇవ్వండి, సీటు నాది అంటున్నాడు. పిల్లలున్నారు కాబట్టి అదే నయమేమో అని మా ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎలహంక సిస్టర్:

చెల్లీ, ముందు ఆ ఏజెంటు నంబరు తీసేయ్. క్లాసులకు వెళ్లకుండా నర్సు అవడమంటే ఏంటో ఆలోచించు. రేపు ఆ తాత లాంటి మనిషి మంచం దగ్గర నువ్వు ఒక్కదానివే ఉంటావు.

నేను జీఎన్‌ఎంలో చేరేసరికి నాకు 31. మా అబ్బాయి రెండో తరగతి. క్లాసులో మిగతావాళ్లంతా పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్ల పిల్లలు. మొదటి వారం నన్ను మేడమ్ అన్నారు, తర్వాత అక్కా అన్నారు, చివరి ఏడాది నా టిఫిన్ బాక్స్ కోసం ఎదురుచూసేవాళ్లు. వయసు గురించి అంతకు మించి ఇబ్బంది పడలేదు. కాళ్ల గురించి మాత్రం పడ్డాను. వార్డులో నిలబడి నిలబడి సాయంత్రానికి పాదాలు వాచేవి. మెత్తటి అట్ట ఉన్న మంచి బూట్లు మొదటి రోజే కొను, అక్కడ పిసినారితనం వద్దు.

క్లినికల్ పోస్టింగ్ (ఆసుపత్రి వార్డులో పని నేర్చుకునే డ్యూటీ) ఉన్న రోజుల్లో మాకు ఉదయం 7 గంటలకే వార్డు. అంటే ఇంట్లో 4:30కి లేవాలి. తర్వాత రాత్రి డ్యూటీలు కూడా వస్తాయి. హాజరు థియరీలో, ప్రాక్టికల్‌లో 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. డిప్లొమా చేతికి రావాలంటే ప్రాక్టికల్ 100 శాతం పూర్తి చేయాల్సిందే. కాబట్టి బాబును స్కూలుకు ఎవరు దింపుతారు, జ్వరం వస్తే ఎవరు ఉంటారు అన్నది ఇప్పుడే తేల్చుకో. అత్తమ్మను అడిగి, ఆమె నోటితో సరే అనిపించుకో. మొహమాటపడి అడగకపోతే మధ్యలో ఇబ్బంది.

ఇంగ్లీషు పేర్ల గురించి భయపడకు. నేను పాత క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో అంటించాను. చివర 'ఐటిస్' వస్తే వాపు. 'ఎక్టమీ' వస్తే కోసి తీసేయడం. 'యూరియా' అని ముగిస్తే మూత్రానికి సంబంధించింది. ముందు 'హెపటో' ఉంటే కాలేయం, 'నెఫ్రో' ఉంటే కిడ్నీ. ఇలా ఒక నలభై ముక్కలు వస్తే వందల పేర్లు విడదీసుకోవచ్చు. మా అబ్బాయికి కూడా వచ్చేశాయి, అన్నం కలుపుతూ ఒప్పజెప్పించుకునేదాన్ని.

నువ్వు చెప్పిన చుక్కల లెక్క కూడా వినుకో. 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటల్లో ఎక్కాలి అనుకో. మామూలు సెలైన్ గొట్టం సెట్‌లో మిల్లీలీటరుకి 20 చుక్కలు. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి దాదాపు 42. సెట్ మారితే లెక్క మారుతుంది, అందుకే ప్యాకెట్ మీద చూడాలి. ఇది అర్థమైందంటే నువ్వు చదవగలవు.

నర్సింగ్ ట్యూటర్, చిత్తూరు:

అమ్మా, నేను బెంగళూరులోనే నర్సింగ్ కాలేజీలో చెబుతున్నాను. మీ ప్రశ్నలకు సూటిగా చెబుతాను.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం జీఎన్‌ఎంకు 17 నుంచి 35 ఏళ్లు. మీకు వీలుంది కానీ వచ్చే ఏడాది చూద్దాం అనుకునే తీరిక లేదు. ఇంటర్ ఏ గ్రూప్ అయినా సరే, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లీషులో విడిగా 40 శాతం మార్కులు ఉండాలి. మొత్తానికి మీ 548 చాలు, ఇంగ్లీషు మార్కులు మాత్రం మెమోలో చూసుకోండి. కోర్సు మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లీషు పాసై ఉండాలి, ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. మీ పరిస్థితికి జీఎన్‌ఎం మేలని నా అభిప్రాయం. ఉద్యోగం చేతికొచ్చాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ (డిప్లొమా తర్వాత చేసే నర్సింగ్ డిగ్రీ) చేసుకోవచ్చు. నా దగ్గర చదివిన తల్లులు ఆ దారినే వెళ్లారు.

కాలేజీని ఎంచుకునే ముందు దానికి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా అని మీరే చూడండి, ఏజెంటు చూపించే కాగితం కాదు. కర్ణాటకలో జీఎన్‌ఎం పరీక్షలు రాష్ట్ర డిప్లొమా నర్సింగ్ పరీక్షా బోర్డు పెడుతుంది. పాసయ్యాక కర్ణాటక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ నంబరు లేనిదే నర్సుగా పని చేయకూడదు. ఆరు నెలల అసిస్టెంటు కోర్సులు చేసినవాళ్లకు ఆ నంబరు రాదు. రేపు హిందూపురం వెళ్లిపోవాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

మీరు పని చేసే ఆసుపత్రిలోని సిస్టర్లను ఏ కాలేజీలో చదివారో, వార్డు పోస్టింగులు ఎక్కడ వేశారో అడగండి. మంచాలు నిండుగా ఉండే ఆసుపత్రి కాలేజీకి అనుబంధంగా ఉంటే చదువు వస్తుంది. లేకపోతే మూడేళ్లు బొమ్మ మీదే ఇంజెక్షన్లు.

పేరు విషయం: కాలేజీ, బోర్డు అంతా పదో తరగతి మెమోలో ఉన్న పేరే రాసుకుంటాయి. ఆధార్‌లో తేడా ఉంటే చేరే ముందే సరిచేయించుకోండి. మీ ఇంటర్ ఆంధ్రలో కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ (ఒక బోర్డు నుంచి వేరే బోర్డుకు మారేటప్పుడు ఇచ్చేది) అడుగుతారు, ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. ఒరిజినల్స్ ఏజెంటు చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

హూడి నుంచి ఒక భర్త:

అమ్మా, మీ ఆయనకు ఇది చదివి వినిపించండి. అన్నా, మా ఆవిడ నర్సింగ్ చదివిన మూడేళ్లూ నేను పాపకు జడ వేయడం నేర్చుకున్నాను. మొదట్లో ఒక పక్క లావు, ఒక పక్క సన్నం వచ్చేది, పాప ఏడ్చేది. డబ్బు కూడా కష్టమే. మా ఆవిడ జీతం ఆగిపోయిన నెల నుంచి ఒక్క సంపాదన మీదే ఫీజు, బాడుగ, గ్యాస్. ఫీజు కోసం ముందే ఒక ఏడాది చిట్టీ వేసుకున్నాం, అది కాపాడింది. నాకు అన్నిటికంటే బరువు అనిపించింది రాత్రి డ్యూటీ. ఆమె పొద్దున వచ్చి పడుకుంటే ఇల్లంతా చప్పుడు లేకుండా చూడాలి. పిల్లలకు ఆ ఒక్కటి నేర్పండి. మిగతావి అలవాటైపోతాయి. ఆమెకు పరీక్ష రోజు దగ్గరుండి వెళ్లండి అన్నా, క్యాబ్ ఒక పూట ఆగినా పరవాలేదు.

హిందూపురం అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నం తిన్నాక మీరు రాసినవన్నీ గట్టిగా చదివాను. హూడి అన్న మాటలకు మా ఆయన ఏమీ అనలేదు, కాసేపు ఊరుకుని పాపను పిలిచి "దువ్వెన తీసుకురా" అన్నారు. అత్తమ్మ నేను అడగకముందే, "బాబును స్కూలుకు నేను దింపుతాను, రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆ పక్కింటి పిల్లను తోడు పంపు" అంది.

ఏజెంటుకు వద్దని చెప్పేశాను. రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. బుధవారం సెలవు పెట్టాను. ముందు ఆధార్ పని. తర్వాత హిందూపురం వెళ్లి చదివిన కాలేజీలో మైగ్రేషన్ సంగతి కనుక్కుంటా. మా నర్సింగ్ హోం సిస్టర్‌ను కూడా అడిగాను, ఆమె కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి పెద్దదట, శనివారం వెళ్లి చూసొస్తా.

ఎలహంక అక్కా, 42 లెక్క నేను కాగితం మీద వేసి చూశా, వచ్చింది. మీ క్యాలెండర్ ముక్కలు, ఫస్ట్ ఇయర్ నోట్సు ఇంకా ఉంటే చెప్పండి అక్కా, ఆదివారం నేనే ఎలహంక వచ్చి తీసుకుంటా.