అర్ధరాత్రి సైరన్, తనంతట తానే పడే లాక్: అలారం పీకించేయాలా, తప్పు వెతకాలా?

నిద్రలేని_డ్రైవర్:
నా కారుకి పదేళ్లు. సెంట్రల్ లాకింగ్ కారుతో వచ్చిందే, అలారం కిట్ మాత్రం తర్వాత బయట షాపులో పెట్టించాను. మూడు వారాలుగా రాత్రిపూట ఒకటి రెండు సార్లు సైరన్ మోగుతోంది. వాన పడితే ఇంకా ఎక్కువ. దీనికి తోడు, రిమోట్‌తో అన్‌లాక్ చేసి డ్రైవర్ డోర్ తీసి, బ్యాగు లోపల పెట్టి మూసి వెనక్కి వెళ్లేలోపు టక్కుమని మళ్లీ లాక్ పడిపోతోంది. వెనక ఎడమ డోర్ మోటారు గర్రుమంటుంది గానీ నాబ్ పైకి లేవదు. పొద్దున బ్యాటరీ చూస్తే 12.4 వోల్టులు ఉంది. కిట్ మొత్తం పీకించేయమని ఇంట్లో ఒకటే గొడవ. తప్పు ఎక్కడుందో తెలియకుండా పీకించడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

పాతబండి_పెద్దన్న:
12.4 అని మీరే రాశారు, ఇంక వెతకడం దేనికి? ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలు వదిలేస్తే 12.6 దగ్గర నిలబడాలి. 12.4 అంటే ముప్పావు వంతే ఉన్నట్టు. వోల్టేజీ ఉన్నట్టుండి పడితే ఎవరో డోర్ తీశారనుకుని అరిచే అలారాలు చాలా ఉన్నాయి. నాకు ఇదే జరిగింది. మెకానిక్ నాలుగు డోర్ల మోటార్లూ మార్పించాడు, సైరన్ మార్పించాడు, రెండు నెలలు తిప్పించుకున్నాడు. చివరికి బ్యాటరీ మారిస్తే పోయింది. ముందు అది మార్చండి.

బటన్_సెల్:
రిమోట్‌లో సీఆర్ 2032 సెల్ మార్చి చూశారా?

తీగలు_చూడండి:
సెల్ వీక్ అయితే రిమోట్ దగ్గరికి వెళితేగానీ పనిచేయదు, అంతే. అర్ధరాత్రి సైరన్‌కి అది కారణం కాదు.

పెద్దన్నగారూ, ఆ 12.4 ఎప్పుడు కొలిచారో అడగకుండా బ్యాటరీ మార్చమంటే ఎలా? బానెట్ లివర్ లాగాలంటే డోర్ తీయాలి. డోర్ తీస్తే బండిలో మాడ్యూళ్లన్నీ, అంటే లాకులూ లైట్లూ నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాలు, నిద్ర లేస్తాయి, కరెంటు లాగుతాయి, వోల్టేజీ దిగుతుంది. పైగా రాత్రి రెండుసార్లు సైరన్ మోగిన బ్యాటరీ అది.

నిద్రలేని గారూ, ఒక్కటి చెప్పండి. డ్రైవర్ డోర్ తీసినప్పుడు లోపల పైన లైటు వెలుగుతోందా?

పాతబండి_పెద్దన్న:
లైటు సంగతి తర్వాత. 12.4కి మీ జవాబేంటి? డోర్ తీసినంత మాత్రాన రెండు పాయింట్లు పడిపోయే బ్యాటరీ మంచిదెలా అవుతుంది?

నిద్రలేని_డ్రైవర్:
డోర్ తీసే కొలిచానండీ. లైటు మాత్రం నెల రోజులుగా డ్రైవర్ డోర్‌కి వెలగడం లేదు. బల్బు పోయిందనుకుని వదిలేశాను. ఇప్పుడే వెళ్లి చూశాను, వెనక డోర్ తీస్తే వెలుగుతోంది.

తీగలు_చూడండి:
అయితే బల్బు బాగానే ఉంది. డ్రైవర్ డోర్ తెరుచుకున్న సంగతి మీ కారుకి తెలియడం లేదు.

చాలా కార్లలో డోర్ తెరిచిందా మూసిందా చెప్పే చిన్న స్విచ్ లాక్ లోపలే ఉంటుంది. దాని తీగ డోర్‌కీ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టంలోంచి వస్తుంది. డోర్ తీసిన ప్రతిసారీ ఆ తీగ ఒంగుతుంది. పదేళ్లు ఒంగితే పైన ప్లాస్టిక్ పగులుతుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పూర్తిగా తెగితే డోర్ ఎప్పుడూ మూసే ఉందని బండి అనుకుంటుంది. తెగిన కొస బాడీకి తగిలితే, లేదా తడికి కరెంటు దారి దొరికితే, డోర్ తెరుచుకుందని అనుకుంటుంది. వానరాత్రి సైరన్ అందుకే.

ఇక లాక్ సంగతి. రిమోట్‌తో తెరిచాక కాసేపట్లో, మామూలుగా 30 సెకన్లలో, ఏ డోరూ తీయకపోతే మళ్లీ లాక్ చేసే ఏర్పాటు చాలా కిట్లలో ఉంటుంది. జేబులో పొరపాటున బటన్ నొక్కుకుంటే బండి తెరిచి ఉండిపోకుండా అది. మీరు డోర్ తీశారు, కానీ ఆ కబురు కిట్‌కి చేరలేదు. దాని లెక్కలో ఎవరూ రాలేదు, లాక్ వేసేసింది. రెండు గొడవలకీ ఒకే తీగ.

గర్రుమనే వెనక డోర్ వేరే జబ్బు. మోటారు తిరుగుతోందంటే కరెంటు వస్తోంది, లోపల ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగి ఉంటాయి. దాన్ని దీంతో కలపకండి.

పాతబండి_పెద్దన్న:
నా బండికి స్విచ్ డోర్‌లో లేదు, బాడీ పిల్లర్ మీద నొక్కుడు స్విచ్ ఉంటుంది. అన్ని కార్లూ ఒకటే అన్నట్టు రాయకండి. పగలంతా తిరిగిన బండికి పొద్దున 12.4 ఎందుకొచ్చింది? దానికి మాత్రం జవాబు రాలేదు.

తీగలు_చూడండి:
'చాలా కార్లలో' అనే రాశాను, మళ్లీ చదవండి. 12.4కి జవాబు కూడా తీగే. డోర్ తెరిచిందని కబురు వచ్చినప్పుడల్లా మాడ్యూళ్లు లేస్తాయి. అన్నీ నిద్రపోయాక బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అంటే రోజుకి 1.2 ఆంపియర్ గంటలు, దానికి ఏ బ్యాటరీ అయినా తట్టుకుంటుంది. రాత్రంతా లేస్తూ పడుకుంటూ ఉంటే తట్టుకోదు.

మా_వీధికి_నిద్ర:
అలారం మోగితే కిటికీలోంచి తొంగి చూసేవాడు ఎవడండీ? పక్కింటివాళ్లది ఏడాదిగా మోగుతోంది, మా నాన్నగారికి బీపీ. పీకించేయండి. దొంగ రాకుండా ఆపేది తాళంలో చిప్ ఉన్న ఇమ్మొబిలైజర్, సైరన్ కాదు.

తీగలు_చూడండి:
మీ నాన్నగారి బాధ అర్థమైంది. కానీ ఇమ్మొబిలైజర్ బండిని కదలనివ్వదు, అంతే. బండిలో సామాను తీసుకుపోయేవాణ్ని అది ఆపలేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నేనూ పీకించేయమనే అంటాను. నాలుగేళ్ల కిందట పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతున్నాను. టిక్కుమని చప్పుడైంది, పట్టించుకోలేదు. తాళం పాప పక్కనే పెట్టి డోర్ మూసి, ముందు డోర్ హ్యాండిల్ లాగితే రాలేదు. ఏ డోరూ రాలేదు. తాళం లోపల, మూడేళ్ల పాప లోపల, ఎండలో బండి. పాప మొదట నవ్వింది, ఆటనుకుంది. తర్వాత ఏడుపు, జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. ఎవరో రాయితో అటువైపు అద్దం పగలగొట్టారు. మర్నాడే కిట్ పీకించేశాను.

తీగలు_చూడండి:
పాప క్షేమం, అది చాలు. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి వెనక డోర్ తెరిచిన కబురు కిట్‌కి వెళ్లలేదు. తప్పు తీగది, కిట్‌ది కాదు. తాళం లోపల పెట్టి డోర్ మూయడం కూడా మంచి అలవాటు కాదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
అలవాటా? ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో బెల్టు. ఆ తాళం ఎక్కడ పెట్టుకోమంటారు? నా డోర్ నేను తీశాను, నేను వేయకుండా అది లాక్ వేసుకుంది. నా తప్పు ఎలా అవుతుంది?

మా_వీధికి_నిద్ర:
ఒక తల్లితో మాట్లాడే పద్ధతేనా ఇది?

పాతబండి_పెద్దన్న:
ఈ విషయంలో నేను అమ్మగారి వైపు. తీగల మీద పెట్టిన శ్రద్ధ మనిషి మీద పెట్టండి.

తీగలు_చూడండి:
క్షమించండి, అలవాటు అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నేనెందుకు పట్టుబడుతున్నానో చెప్పనివ్వండి. నేను ఎలక్ట్రికల్ పని చేస్తాను. నా పాత బండికి ఆ 30 సెకన్ల లాక్ లేదు. ఒక రాత్రి జేబులో రిమోట్ నొక్కుకుంది, తెల్లవార్లూ నాలుగు డోర్లూ తెరిచే ఉన్నాయి. పొద్దున చూస్తే పనిముట్ల పెట్టె లేదు. పదిహేనేళ్లు ఒక్కొక్కటీ కొనుక్కున్నవి, మా గురువుగారు చేతిలో పెట్టిన క్రింపింగ్ ప్లయర్‌తో సహా. మూడు నెలలు అరువు పనిముట్లతో పని చేశాను. అందుకే ఆ లాక్ తీసేయమంటే నా నోరు ఊరుకోదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మీ పనిముట్లు పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ చూడండి, మీరు భయపడేది బండి తెరిచి ఉండిపోతుందని. నేను భయపడేది మూసుకుపోతుందని. తీగ తెగితే అది ఎటువైపు తప్పు చేయాలి? పెట్టె పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఎండలో మూసిన బండిలో పది నిమిషాలకే పది డిగ్రీల వేడి పెరుగుతుంది. లోపల ఎవరున్నారో తెలియని యంత్రం తనంతట తాను లాక్ వేయకూడదు. నేననేది అంతే.

తీగలు_చూడండి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. తీగ బాగుంటే అలా జరగదని మాత్రమే చెప్పగలను.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
తీగ బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?

నిద్రలేని_డ్రైవర్:
అందరికీ థాంక్స్. ఆదివారం బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, రబ్బరు గొట్టం వెనక్కి లాగాను. ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చని పసుపు కనెక్టర్ జోలికి పోలేదు. మధ్యలో సన్నటి గోధుమరంగు తీగ తెగి ఉంది, కొసన పోగులు పచ్చగా చిలుము పట్టాయి. ఒంగే చోట అతుకు పెట్టకుండా కొత్త ముక్క పొడవుగా వేసి, రెండు కొసలూ గొట్టం బయట సోల్డర్ చేసి, వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. డోర్ తీయగానే లైటు వెలిగింది. నాలుగు రాత్రులు సైరన్ లేదు, వాన పడిన రాత్రి కూడా. తనంతట తాను పడే లాక్‌ని మాత్రం కిట్ సెట్టింగ్స్‌లో ఆపేశాను. మా ఇంట్లోనూ చిన్నపిల్లవాడున్నాడు.

పాతబండి_పెద్దన్న:
ఇప్పుడు పొద్దున వోల్టేజీ ఎంత?

నిద్రలేని_డ్రైవర్:
రాత్రే బానెట్ తీసి ఉంచి కొలిచాను. 12.6.

తీగలు_చూడండి:
లాక్ ఆపేయడం నాకు నచ్చలేదు, కానీ బండి మీది, పిల్లవాడు మీవాడు.

అమ్మగారూ, తీగ సంగతి ఎలా తెలుస్తుందని అడిగారు కదా. అదే బండి ఇంకా ఉంటే, చీకటి పడ్డాక పైన లైటు బటన్‌ని డోర్ గుర్తు దగ్గర పెట్టి, ఒక్కో డోరూ విడివిడిగా తీసి చూడండి. కిట్ పీకించారు సరే, తీగ ఎవరూ చూసి ఉండరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
అదే బండి. ఇప్పుడే చూసి వచ్చాను. మూడు డోర్లకి వెలుగుతోంది. వెనక కుడి వైపు వెలగడం లేదు. పాప కూర్చునేది అటే.