అప్‌డేట్: కనుబొమల మధ్య లోతైన గీతకు చివరికి ఏది పనిచేసిందంటే

కనుబొమల మధ్య నిలువుగా పడిన లోతైన గీతకు బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) మంచిదా, ఫిల్లర్ (గీతను లోపలి నుంచి నింపే జెల్ ఇంజెక్షన్) మంచిదా అని 3 నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు చర్మవైద్యులకు చూపించమన్న సలహాయే నన్ను కాపాడింది.

డాక్టరుగారు కనుబొమలు ముడవమన్నారు, తర్వాత వదిలేయమన్నారు. వదిలేసినా గీత అలాగే ఉంది, అంటే కండరాన్ని సడలించినంత మాత్రాన పూర్తిగా పోకపోవచ్చు. అయినా మొదట బొటాక్స్‌తోనే మొదలుపెడదామని 5 చోట్ల కలిపి 20 యూనిట్లు ఇచ్చారు. రెండు వారాలకు ముడవడం ఆగింది, గీత లోతు సగానికి తగ్గింది. ఊరికే కూర్చున్నా "ఎందుకమ్మా కోపం?" అని అడిగే మా అమ్మ ఇప్పుడు అడగడం లేదు.

ఫిల్లర్ మాత్రం అక్కడ వద్దన్నారు. పొరపాటున రక్తనాళంలోకి వెళితే చూపు పోయే ప్రమాదం ఉందట. నేను డబ్బు దాచుకున్నది దానికే! తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నెలల తరబడి రాసిన క్రీములు నా గీతను కదిలించలేదు. బొటాక్స్ ప్రభావం సాధారణంగా 3, 4 నెలలే కాబట్టి వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను.