పికప్‌కి ముందు రిసీవర్ హిచ్, దానికి వించ్: పిన్ను ఆగుతుందా?

ఎర్రమట్టి:

నమస్తే అందరికీ. నాది లాడర్ ఫ్రేమ్ (కింద నిచ్చెనలాంటి ఇనుప చట్రం) డబుల్ క్యాబ్ పికప్. ఖాళీగా రెండు టన్నులు, సామాను ఎక్కితే మూడు టన్నుల దాకా తూగుతుంది. వెనక రెండంగుళాల రిసీవర్ హిచ్ ఇప్పటికే ఉంది, అంటే ఫ్రేమ్‌కి బిగించిన చదరపు గొట్టం; అందులో కడ్డీ దూర్చి అడ్డంగా పిన్ను వేస్తే ఆగుతుంది. ముందు కూడా అలాంటిదే బిగించి, వించ్‌ని (రోప్ చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) క్రేడిల్ (గొట్టంలో దూరే కడ్డీ ఉన్న ఇనుప పీఠం) మీద పెట్టుకుని, ఏ వైపు అవసరమైతే ఆ వైపు గుచ్చుకుందామని ఆలోచన. రోజూ తిరిగే బండి కాబట్టి మూతి మీద ఎప్పుడూ ఆ బరువు మోయడం ఇష్టం లేదు.

బండి మొత్తం ఒక్క పిన్ను మీద వేలాడుతుందంటే మనసు ఒప్పుకోవట్లేదు. పైగా నేను చూసిన ముందు హిచ్ మీద 9,000 పౌండ్ల లాగుడు అని రాసుంది. తెలిసినవాళ్లేమో 12,000 పౌండ్ల వించే తీసుకోమంటున్నారు. ఏది నమ్మాలి? పక్కకి లాగాల్సి వస్తే ఏమవుతుంది? వెనక్కి కరెంటు ఎలా తీసుకెళ్లాలి? ఇలా వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.

పాతకప్పీ:

ఎర్రమట్టి గారూ, పిన్ను గురించి బెంగ పడకండి. రెండంగుళాల రిసీవర్‌కి వచ్చేది 16 మిల్లీమీటర్ల పిన్ను. అది తెగాలంటే రెండు చోట్ల ఒకేసారి తెగాలి. మామూలు మెత్తని ఉక్కుతో చేసినదైనా పది టన్నుల దరిదాపుల్లో గానీ తెగదు. మీ హిచ్ రేటింగ్ నాలుగు టన్నుల పైచిలుకు. కంపెనీ పిన్నే వాడండి, చేతికి దొరికిన బోల్టు దూర్చకండి. పిన్ను సంగతి అంతే.

నా భయమంతా దాని వెనక ఉన్న బోల్టుల మీద, ఫ్రేమ్ ముందు కొసల మీద. రోప్ బయటికొచ్చే చోటు రిసీవర్ గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండదు, పైన ఉంటుంది. ఆ ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకోండి. నాలుగు టన్నులు లాగితే గొట్టాన్ని మెలిపెట్టే బలం 600 కిలోగ్రామ్-మీటర్లు. అందుకే క్రేడిల్ కొనేటప్పుడు వించ్ ఎంత కిందికి కూర్చుంటుంది, కడ్డీ ఎంత పొట్టిగా ఉంది అని చూస్తాను. పొడుగు కడ్డీ పెడితే బంపర్‌కి తగలదు, నిజమే, కానీ ఆ పొడుగంతా గడ్డపారలా పనిచేస్తుంది.

పక్కకి లాగడంలో ఇదే గొడవ ఇంకా ముదురుతుంది. 45 డిగ్రీల కోణంలో రెండు టన్నులు లాగితే అందులో 1,400 కిలోలు అడ్డంగానే పనిచేస్తాయి. బంపర్‌లో ఇమిడిపోయే వించ్‌కి అడుగున వెడల్పాటి పళ్లెం ఉంటుంది, నాలుగు బోల్టులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి తట్టుకుంటుంది. మనది ఒకే గొట్టం. ఆ గొట్టంలో కడ్డీ కొంచెం వదులుగానే ఉంటుంది, ముందు అది వంకరపోతుంది, తర్వాత ఫ్రేమ్ కొస మీద పడుతుంది. కాబట్టి రిసీవర్ వించ్‌తో తిన్నగానే లాగాలి. చెట్టు పక్కన ఉంటే ఏం చేయాలో కింద చెప్తాను.

ఇక 12,000 మాట. బండి పూర్తి బరువుకి ఒకటిన్నర రెట్లు అనే లెక్క ప్రకారం మీకు నాలుగున్నర టన్నులు, అంటే 9,900 పౌండ్లు కావాలి. లెక్క సరైనదే. చక్రాలు సగం దాకా దిగబడితే బండిని కదపడానికి దాదాపు బండి బరువంత లాగుడు కావాలి, మడ్‌గార్డు దాకా దిగితే రెట్టింపు అని రికవరీ చేసేవాళ్లు చెబుతారు. కానీ హిచ్ మీద రాసింది 9,000. వించ్ రేటింగ్ అనేది రోప్ చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి వరసలో లాగే బలం. రోప్ దాదాపు అంతా వదిలేసి లాగినప్పుడు 12,000 వించ్ నిజంగానే 12,000 లాగుతుంది, మీ హిచ్ అంత మోయదు. ముందు ఆగిపోవాల్సింది వించ్ మోటారే, ఇనుము విరగకూడదు. నేనైతే 9,000 వించ్ తీసుకుని, తక్కువైన చోట కప్పీ వేసుకుని లాగుడు దాదాపు రెట్టింపు చేసుకుంటాను. ఒక్కో వరస పెరిగే కొద్దీ లాగుడు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. నాలుగో వరసకి వచ్చేసరికి సుమారు మూడో వంతు పోతుంది. రోప్ ఎంత ఎక్కువ బయటికి వదిలితే అంత బలం.

బిగింపు గురించి. మీ మోడల్ కోసమే చేసిన హిచ్ తీసుకోండి, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగులు ఉన్న బండికి. ఫ్రేమ్‌ని వెల్డింగ్ చేయనివ్వకండి. చాలా హిచ్‌లు ఫ్రేమ్‌కి ముందే ఉన్న టో హుక్ (బండిని లాగడానికి తాడు వేసే కొక్కెం) కన్నాల్లోనే కూర్చుంటాయి. ఫ్రేమ్ పెట్టెలా మూసి ఉంటే లోపల బోల్టు పట్టుకోడానికి చెయ్యి దూరదు. దానికి కిట్‌లోనే ఒక సన్నని తీగ ఇస్తారు, చివర స్ప్రింగులా చుట్టి ఉంటుంది. తీగని బోల్టు కన్నంలోంచి పక్కనున్న పెద్ద కన్నంలోకి తోసి, ముందు చదరపు పలక ఎక్కించి, బోల్టు మరలకి ఆ చుట్ట తిప్పి, మెల్లగా వెనక్కి లాగాలి. బోల్టు కొస బయటికి తొంగిచూస్తుంది. అప్పుడు తీగ వదిలేయకుండా పట్టుకునే నట్టు ఎక్కించండి. వదిలారో బోల్టు ఫ్రేమ్‌లోకి జారి, బండి నడిచినంతకాలం గలగలమంటూనే ఉంటుంది.

అన్ని బోల్టులూ చేత్తో పట్టించాక, హిచ్ అడ్డంగా సమానంగా ఉందో చూసుకుని, అప్పుడే టార్క్ రెంచ్‌తో కాగితంలో రాసినంత బిగించండి. నట్టు మీదనుంచి పలక మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. మొదటిసారి గట్టిగా లాగాక ఆ గీత విరిగిందేమో చూస్తే చాలు, నట్టు కదిలిందో లేదో తెలిసిపోతుంది.

వించ్ తగిలించినప్పుడు రేడియేటర్‌కి గాలి, క్రూజ్ కంట్రోల్ రాడార్, నంబర్ ప్లేటు, ఈ మూడింటికీ అది అడ్డుపడుతుంది. లాగే చోట మాత్రమే తగిలిస్తే పెద్ద సమస్య కాదు.

రెండోతీగ:

కరెంటు సంగతి నేను చెప్తాను. గట్టిగా లాగుతున్నప్పుడు 12 వోల్టుల వించ్ 400 ఆంపుల పైనే తాగుతుంది. ముందు వైపు కేబుల్ రెండు మీటర్లే కాబట్టి పోనూ రానూ నాలుగు మీటర్లు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే 0.8 వోల్టు పోతుంది, పర్వాలేదు. అదే కేబుల్ వెనక్కి ఆరు మీటర్లు లాగితే పోయేది 2.4 వోల్టులు. బ్యాటరీయే లోడు కింద 11కి దిగిపోతే వించ్ దగ్గర మిగిలేది ఎనిమిదిన్నర. మోటారు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. వెనక్కి 70 చదరపు మిల్లీమీటర్లు వేయండి, నష్టం 1.2 వోల్టులకి తగ్గుతుంది. నెగటివ్‌ని ఫ్రేమ్‌కి వదిలేయకుండా బ్యాటరీ దాకా తీసుకురండి.

ఫ్యూజ్ గానీ, అంత ఆంపులు కోసే స్విచ్ గానీ బ్యాటరీ పక్కనే ఉండాలి, వించ్ పక్కన కాదు. కేబుల్ ఎక్కడో ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలితే కాపాడేది అదే. నేను స్విచ్ పెట్టి, వించ్ తగిలించినప్పుడే ఆన్ చేస్తాను, మిగతా సమయం వించ్ కేబుల్ గుచ్చే ప్లగ్గులో కరెంటే ఉండదు. ప్లగ్గుకి 350 ఆంపుల రెండు కాళ్ల రకం, మూతతో సహా. లాగేటప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి, మధ్యమధ్యలో మోటారుకి విరామం ఇవ్వండి.

బురదరాజు:

నా ఓటు బంపర్ వించ్‌కే. బంపర్ దాకా బురదలో కూరుకున్నాక మీ రిసీవర్ ఎక్కడుంటుంది? బురద కింద. క్రేడిల్‌తో కలిపి యాభై కిలోలు ఉండే దాన్ని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆ చదరపు కన్నంలోకి గురిచూసి దూర్చడం ఒక్కసారి ఊహించుకోండి.

పాతకప్పీ:

బురదరాజూ, నీ మాట కాదనను. అందుకే దిగే ముందే తగిలించుకోవాలి. రోజూ బురదలో తిరిగేవాడైతే బంపర్ వించే కొనుక్కోమంటాను. ఈయనది రోజువారీ బండి.

ఎర్రమట్టి:

అందరికీ థాంక్స్. కప్పీ అన్నారు కదా, చెట్టుకి కప్పీ కట్టి రోప్ వెనక్కి తెచ్చాక హుక్ ఎక్కడ వేయాలి? క్రేడిల్ మీదే ఒక షాకిల్ (పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కొక్కెం) కన్నం ఉంది, అక్కడ వేయొచ్చా?

పాతకప్పీ:

వద్దు. ఇదే అడుగుతారని ఎదురుచూస్తున్నాను.

వించ్ 4,000 కిలోలు లాగుతోందనుకోండి. కప్పీ మీదుగా తిరిగొచ్చిన రోప్‌లో కూడా దాదాపు 4,000. మొత్తం బండి మీద 8,000. హుక్‌ని క్రేడిల్‌కే వేస్తే ఆ 8,000 అంతా ఆ ఒక్క గొట్టం గుండానే ఫ్రేమ్‌కి చేరాలి. మీ హిచ్ రేటింగ్‌కి రెట్టింపు. అదే హుక్‌ని ఫ్రేమ్ మీదున్న టో హుక్‌కి వేస్తే సగం అటు పోతుంది, హిచ్ మీద పడేది 4,000 మాత్రమే. రోప్ అదే, వించ్ అదే, చెట్టూ అదే. హుక్ వేసిన చోటే తేడా.

ఇక్కడొక తిరకాసు ఉంది. హిచ్ కూర్చునేది టో హుక్ కన్నాల్లోనే అన్నాను కదా. కొన్ని హిచ్‌లు బిగిస్తే ఆ హుక్కులు తీసేయాల్సిందే, మళ్లీ పెట్టడానికి చోటుండదు. అలాంటిది కొన్నారంటే కప్పీ ఎంత మంచిదైనా తిరిగొచ్చిన రోప్‌ని ఎక్కడా వేయలేరు. కొనేముందు బిగింపు కాగితం తెరిచి, హుక్కులు తిరిగి పెట్టాలో తీసి పారేయాలో చదవండి. పొడుగు బోల్టులిచ్చి హుక్కులు పైనుంచి మళ్లీ పెట్టుకోనిచ్చే హిచ్ దొరికితే రేటింగ్ ఒకటే అయినా అదే తీసుకోండి.

చెట్టు పక్కన ఉన్నప్పుడు: ఎదురుగా ఇంకేదైనా గట్టి ఆధారం ఉంటే దానికి కప్పీ కట్టి, రోప్‌ని తిన్నగా ముందుకి పంపి, అక్కడ తిప్పి పక్క చెట్టుకి వేయండి. వించ్‌కి మాత్రం తిన్నటి లాగుడే తెలుస్తుంది. అయితే రోప్ వంగే కోణాన్నిబట్టి ఆ కప్పీ మీద రోప్‌లో ఉన్నదానికంటే ఎక్కువ బరువు పడొచ్చు. వంపు లోపలి వైపు ఎవర్నీ నిలబడనివ్వకండి.

రోప్ సింథటిక్‌ది తీసుకుంటే బరువు పదికిలోల దాకా తగ్గుతుంది, చేత్తో ఎత్తే వించ్‌కి అది చిన్న విషయం కాదు. నునుపైన అల్యూమినియం ఫెయిర్‌లీడ్ (రోప్ బయటికొచ్చే దారి) వాడండి. ఉక్కు కేబుల్ వల్ల గీతలు పడ్డ పాత రోలర్ల మీద దీన్ని నడిపితే పీచు లేచిపోతుంది. డ్రమ్ము మీద పది చుట్లైనా మిగిలుండాలి, ఉక్కుదైతే ఐదు చాలు. కొత్త రోప్‌ని ఊరికే చుట్టేయకండి. కాస్త వాలున్న చోట బండిని నిలిపి, దాని బరువు మీదే లాగించుకుంటూ గట్టిగా చుట్టండి. లేకపోతే మొదటి గట్టి లాగుడుకే పై వరస కింది వరసలోకి దిగి ఇరుక్కుంటుంది.