ఇంట్లో నడిపే 1/24 క్రాలర్ వెనక్కి బోల్తా పడుతోంది, మోటారు మార్చాలా?

మెట్లరాయుడు:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1/24 స్కేల్ క్రాలర్ (అసలు బండిలో 24వ వంతు ఉండే, ఎత్తుపల్లాలు మెల్లగా ఎక్కే రిమోట్ బండి) ఒకటి ఉంది. బయట నడిపే ఉద్దేశం లేదు, పుస్తకాలు, దిండ్లు, చెక్కముక్కలు పేర్చుకుని ఇంట్లోనే ఆడుకుంటాను. కొన్న కొత్తలో బానే ఎక్కేది. ఈమధ్య రూఫ్ ర్యాక్ పెట్టి, దాని మీద స్టెప్నీ, బుల్లి డబ్బాలు, లైట్ల పట్టీ బిగించాను. చూడ్డానికి అదిరిపోయింది గానీ కాస్త నిటారుగా ఉన్నది ఏది ఎక్కబోయినా ముందు చక్రాలు గాల్లోకి లేచి వెల్లకిలా పడిపోతోంది. ఇంకో రెండు బాధలు: త్రాటిల్ (రిమోట్‌లో వేగం మీట) మెల్లగా నొక్కితే కదలదు, ఇంకొంచెం నొక్కితే ఒక్కసారిగా గెంతుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చక్రం దేనికైనా ఆనుకుంటే లైట్లు మసకబారి బండి మొత్తం ఒక్క క్షణం ఆగిపోతుంది. బ్రష్‌లెస్ మోటారు (లోపల రాసుకునే బ్రష్‌లు లేని రకం) వేస్తే ఇవన్నీ పోతాయా?

ఇత్తడిపిచ్చోడు:
మోటారు సంగతి తర్వాత బ్రో, ముందు ఆ ర్యాక్ పీకేయండి. ఫొటోలు తీసుకునేటప్పుడు పెట్టుకోండి కావాలంటే. ఇంత చిన్న బండికి నెత్తి మీద పది గ్రాములు కూడా చాలా ఎక్కువ. బరువు ఎంత కిందికి, ఎంత ముందుకి ఉంటే అంత మంచిది. నేనైతే ముందు 60, వెనక 40 పాళ్లకి దగ్గరగా ఉండేలా చూసుకుంటాను. వంటింటి డిజిటల్ త్రాసు మీద ముందు చక్రాలు రెండూ పెట్టి, వెనక చక్రాల కింద అదే ఎత్తులో ఏదైనా పెట్టి చూడండి, తర్వాత అటూ ఇటూ మార్చి చూడండి, మీ బండి లెక్క తెలిసిపోతుంది.

కింద బరువు కోసం ఇత్తడి భాగాలు కొనేట్లయితే ముందు వైపు యాక్సిల్ నకిల్స్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే, చక్రాన్ని పట్టుకునే ముక్కలు), డిఫ్ కవర్‌తో (యాక్సిల్ మధ్యలో గేర్ల మీది మూత) మొదలుపెట్టండి. అవి స్ప్రింగుల కింద ఉంటాయి కాబట్టి బండి ఊగినా ఆ బరువు పైకి లేవదు, నేలనే పట్టుకుని ఉంటుంది. బ్యాటరీ వెనక ఉంటే ముందుకి జరపండి, దానికి ఖర్చేమీ లేదు. టైర్లని గిన్నెలు తోమే సబ్బుతో ఒకసారి రుద్ది కడగండి, కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చే జిడ్డు పొర ఉంటుంది.

ఓల్టుమీటరు:
పై మాటలో సగమే ఒప్పుకుంటాను. ఇత్తడి మోజులో పడి నకిల్స్, చక్రాలు, కవర్లు అన్నీ ఇత్తడివే వేసేస్తే ఆ బరువు మోసే ముందు చక్రాలని తిప్పాల్సింది ఆ బుల్లి సర్వోనే (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు). రాయుడు గారి మూడో బాధ అక్కడిదేనని నా అనుమానం. చక్రం తిరగలేక ఇరుక్కున్నప్పుడు సర్వో ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది, రిసీవర్‌కి (రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం) వచ్చే వోల్టేజీ పడిపోతుంది, అది ఆగి మళ్లీ మొదలవుతుంది. లైట్లు మసకబారడం దానికి గుర్తు. లైట్ల వైరు పీకేసి, బ్యాటరీ నిండా చార్జ్ చేసి మళ్లీ అలాగే ఇరికించి చూడండి. 2ఎస్ లిపో (రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) అయితే నిండినప్పుడు 8.4 వోల్టులు ఉండాలి. అప్పుడు ఆగకపోతే బ్యాటరీ అలిసిపోయిందనో, లైట్లు అదనపు భారం అవుతున్నాయనో అనుకోవచ్చు. అప్పుడూ ఆగితే మెటల్ గేర్ల సర్వోకి మారండి, కానీ మీ బండిలోని ఎలక్ట్రానిక్ బోర్డు ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు ఇవ్వగలదో చూసుకోకుండా పెద్ద సర్వో తగిలిస్తే ఇదే గొడవ ఇంకా ముదురుతుంది.

గెంతడానికి మందు పినియన్ (మోటారు ఇరుసుకి ఉండే చిన్న గేరు). ఒకటి రెండు పళ్లు తక్కువ ఉన్నది వేస్తే వేగం తగ్గుతుంది, మెల్లగా పాకడం వస్తుంది. ఇంట్లో వేగంతో మనకేం పని! ఎఫ్‌ఎమ్‌ఎస్ వాళ్ల ఎఫ్‌సీఎక్స్24 లాంటి వాటిలో రెండు స్పీడ్ల గేర్‌బాక్సు ఉంటుంది, అందులో లో గేర్ వేసుకుంటే సరిపోతుంది. బ్రష్‌లెస్ మెత్తగా కదులుతుంది, కాదనను. అయితే దానికి ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే భాగం) కూడా మార్చాలి, కొన్ని బండ్లలో ఈఎస్‌సీ, రిసీవర్ ఒకే బోర్డు మీద ఉంటాయి కాబట్టి ఒకటి మారిస్తే రిసీవర్, రిమోట్ కూడా మార్చాల్సి రావచ్చు. అది చివర్లో ఆలోచించండి.

అట్టముక్క:
బండి గురించి వాళ్లు చెప్పారు, నేను ట్రాక్ గురించి చెబుతా. పుస్తకాల అట్టలు నున్నగా ఉంటాయి, వాటి మీద ఎంత మంచి టైరైనా జారుతుంది, దాన్ని చూసి బండిది తప్పనుకోకండి. గట్టి ఫోమ్ షీట్లు (ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చే పూసలు రాలే తెల్లది కాదు, గట్టిగా ఉండేది) ముక్కలుగా కోసి, అంటించి, అంచులు చేత్తో విరగ్గొడితే అచ్చం రాయిలాగే ఉంటుంది. పైన ఫెవికాల్ పూసి ఇసుక చల్లండి, ఆరాక పట్టు బాగా వస్తుంది. స్ప్రే పెయింట్ మాత్రం నేరుగా కొట్టొద్దు, అందులోని ద్రావకం ఫోమ్‌ని తినేస్తుంది. మెట్టు ఎత్తు మొదట టైరు ఎత్తులో సగం పెట్టి, తర్వాత పెంచుకుంటూ పోండి.

ఇంకొకటి, కార్పెట్ మీద నడిపితే దారప్పోగులు, తలవెంట్రుకలు చక్రం వెనకాల యాక్సిల్‌కి చుట్టుకుని బేరింగులోకి దూరతాయి. చక్రం బిగుసుకుంటే మోటారు వేడెక్కుతుంది. అప్పుడప్పుడు చక్రాలు విప్పి చిమటాతో లాగేయండి. మా ఇంట్లో పిల్లి ఉంది, ఇక మీరే అర్థం చేసుకోండి.

మెట్లరాయుడు:
ర్యాక్ తీసేశాను, బ్యాటరీ ముందుకి జరిపాను. పెద్ద అట్ట మీద బండిని అడ్డంగా నిలబెట్టి ఒక అంచు మెల్లగా ఎత్తుతూ ఫోన్‌లో కోణం కొలిచాను, ర్యాక్‌తోనూ, లేకుండానూ. పక్కకి పడే కోణంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. వెనక్కి పడటం కూడా బాగా తగ్గింది. లైట్ల వైరు పీకితే ఆగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, కాబట్టి సర్వో, పినియన్ రెండూ ఆర్డర్ పెడుతున్నా. ఇప్పుడు నిటారుగా ఎక్కేటప్పుడు వెనక స్ప్రింగులు పూర్తిగా కూర్చుండిపోతున్నాయి, అక్కడ గట్టి స్ప్రింగులు వేయనా?

ఇత్తడిపిచ్చోడు:
వెనక కొంచెం గట్టివి వేయండి, మరీ బిగుతువి వద్దు, లేకపోతే గతుకుల్లో వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. ముందువి ముట్టుకోకండి. డిఫ్ కవర్ సర్వో వచ్చాకే బిగించండి, ఓల్టుమీటరు అన్నదాంట్లో పాయింట్ ఉంది.