"అభ్యంతరము" అంటే ఎవరి అభ్యంతరం? 1 కొరింథీ 8:9 గురించి

"అయినను మీకు కలిగియున్న యీ స్వాతంత్ర్యమువలన బలహీనులకు అభ్యంతరము కలుగకుండ చూచుకొనుడి." అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలోని ఈ వాక్యం ప్రకారం సంఘంలో ఎవరికి ఏది నచ్చకపోయినా మనం మానేయాల్సిందేనా అని నిన్న ఇక్కడ ఒక చెల్లెమ్మ అడిగారు. అక్క పెళ్ళిలో తలలో మల్లెపూలు పెట్టుకున్నందుకు, "నీవల్ల విశ్వాసులకు అభ్యంతరం" అని ఒక పెద్దమనిషి అందరిలో అన్నారట. కింద చాలామంది "అవునమ్మా, వాక్యం అదే చెబుతోంది" అని రాశారు. నాకు ఆ జవాబు మింగుడు పడలేదు. కామెంట్లో ఇమిడే సంగతి కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

చిక్కంతా "అభ్యంతరము" దగ్గరే ఉంది. ఇవాళ మనం ఈ మాటను దాదాపు ఒకే అర్థంలో వాడుతున్నాం. "కిటికీ తెరుస్తాను, మీకేమైనా అభ్యంతరమా?" అంటాం. పేపర్లో "అభ్యంతరకర వ్యాఖ్యలు" అని వస్తుంది. ఆఫీసు నోటీసులో "అభ్యంతరాలు ఉన్నవారు లిఖితపూర్వకంగా తెలపాలి" అని ఉంటుంది. అన్నిచోట్లా ఎవరో ఒకరు కాదనడమో, నొచ్చుకోవడమో. అదే అర్థం మనసులో పెట్టుకుని బైబిల్ తెరిస్తే "ఎవరూ కాదనకుండా బతకండి" అని పౌలు చెబుతున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు సంఘంలో ఎవరు గొంతు పెంచి కాదనగలరో వాళ్ళ చేతికి మిగతా అందరి స్వాతంత్ర్యాన్నీ అప్పగించినట్టే.

పాత అనువాదంలో ఆ మాట అర్థం అది కాదు. ఇందుకు రుజువు ఆ తెలుగు బైబిల్లోనే ఉంది. మత్తయి 5:29 చూడండి: "నీ కుడికన్ను నిన్ను అభ్యంతరపరచినయెడల దాని పెరికి..." కన్ను మనకు అభ్యంతరం చెప్పదు కదా. మనిషిని పాపంలోకి లాగుతుంది, పడేస్తుంది. మత్తయి 18:6లో విశ్వాసముంచిన చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచినవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచేయడమే మేలని యేసు అంటాడు. ఒకరికి నచ్చని పని చేసినందుకు అంత మాట అనడు. ఆ చిన్నవారి విశ్వాసాన్ని కూల్చినందుకు అన్నాడు.

రోమా 14:13 ఇంకా తేటగా ఉంది. కొరింథీ 8:9లో పౌలు వాడిన గ్రీకు మాట ప్రోస్కొమ్మ. అంటే నడిచేవాడి కాలికి తగిలి పడేసే అడ్డు. రోమా పత్రికలోనూ అదే మాట ఉంది, పక్కనే స్కాండలోన్ అనే మాట కూడా ఉంది. స్కాండలోన్ మొదట్లో బోనులో ఎర తగిలించే పుల్ల. జంతువు దాన్ని ముట్టుకోగానే బోను మూసుకుంటుంది. అక్కడ మన అనువాదకులు "సహోదరునికి అడ్డమైనను ఆటంకమైనను కలుగజేయకుందుమని" అని రాశారు. ఎంత బాగా రాశారో! అదే మాటకు కొరింథీలో "అభ్యంతరము" అన్నారు. అప్పటి పాఠకులకు అందులో అడ్డు అనే అర్థం వినిపించే ఉంటుంది. మనకు మాత్రం "కాదనడం" ఒక్కటే వినిపిస్తోంది. అనువాదకులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాలం గడిచి మాట అర్థం పక్కకు జరిగింది, దాని వెంట ప్రసంగం కూడా పక్కకు జరిగింది. నా బాధ ఆ ప్రసంగం గురించే.

ఇక కొరింథులో ఏం జరిగిందో చూద్దాం. రోమన్లు క్రీ.పూ. 146లో నేలమట్టం చేసిన ఆ పట్టణాన్ని జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో మళ్ళీ నిలబెట్టాడు. పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. తర్వాత ఎఫెసు నుంచి, సుమారు క్రీ.శ. 55లో ఈ ఉత్తరం రాశాడు. ఊళ్ళో గుళ్ళను ఆనుకుని భోజనపు గదులు ఉండేవి. వైద్యపు దేవుడిగా కొలిచే అస్క్లేపియస్ గుడి దగ్గర అలాంటి గదులు తవ్వకాల్లో బయటపడ్డాయి కూడా. విగ్రహాలకు అర్పించిన మాంసం వడ్డించే విందులకు అక్కడికే పిలిచేవారు. సంఘంలో కొందరు "విగ్రహం వట్టిదే, తింటే ఏమవుతుంది" అని ధీమాగా వెళ్ళి కూర్చునేవారు. ఈ ఎనిమిదో అధ్యాయంలో వాళ్ళ వాదన తప్పని పౌలు అనలేదు. విగ్రహం వట్టిదని తనూ ఒప్పుకున్నాడు. కానీ అదే సంఘంలో నిన్నటిదాకా ఆ దేవుడికే మొక్కి, భయపడి బతికిన మనిషి ఒకడున్నాడు. చదువుకున్న అన్న గుడి పంక్తిలో కూర్చోవడం చూసి, లోపల మనసు వద్దంటున్నా వాడూ వెళ్ళి కూర్చుంటాడు. అన్నకు అది వట్టి మాంసం. వాడికి మాత్రం పాత పూజలోకి తిరిగి వెళ్ళడం. "ఎవనికొరకు క్రీస్తు చనిపోయెనో ఆ బలహీనుడైన నీ సహోదరుడు నీ జ్ఞానమునుబట్టి నశించును" అని పౌలు రాసింది వీడి గురించే. "నశించును" అన్నాడు. "నొచ్చుకొనును" అనలేదు.

ఆ బలహీనుడు ఎవరికీ అభ్యంతరం చెప్పలేదన్నది ఇక్కడ ముఖ్యం. అతను నోరే మెదపలేదు. చూశాడు, అనుసరించాడు, పడ్డాడు. పెళ్ళిలో వేలెత్తి చూపిన పెద్దమనిషి సంగతి వేరు. మల్లెపూలు చూసి ఆయన మర్నాడు వెళ్ళి తన మనస్సాక్షికి విరుద్ధంగా ఏదో చేసేస్తాడని ఎవరూ అనుకోరు. ఆయన విశ్వాసం గట్టిదే. ఆయనకు నచ్చలేదు, అంతే.

నచ్చనివాళ్ళతో ఎలా ఉండాలో కూడా పౌలు జీవితంలో ఉంది. యెరూషలేములో తన తోటి పనివాడు, యూదుడు కాని తీతుకు సున్నతి చేయించాలని కొందరు పట్టుబట్టారు. "వారికి మేము ఒక్క ఘడియయైనను లోబడుటకు ఒప్పుకొనలేదు" అని గలతీ రెండో అధ్యాయంలో రాశాడు. అదే పౌలు, అపొస్తలుల కార్యములు 16లో, ఆ ప్రాంతపు యూదుల కోసం తన శిష్యుడు తిమోతికి తానే సున్నతి చేయించాడు. పైకి చూస్తే ఒకదానికొకటి పొసగనట్టు ఉంటుంది. తిమోతి విషయంలో ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. సువార్త వినేవాళ్ళకు అడ్డు లేకుండా తనంతట తాను తగ్గాడు. తీతు విషయంలో "ఇది చేయకపోతే నీ రక్షణ చాలదు" అన్నారు. అక్కడ తగ్గితే స్వాతంత్ర్యమే పోతుంది. యేసు ముందు కూడా ఇదే ప్రశ్న వచ్చింది, ధర్మశాస్త్రాన్ని గట్టిగా పట్టుకున్న యూదులైన పరిసయ్యుల విషయంలో. "పరిసయ్యులు ఆ మాట విని అభ్యంతరపడిరని నీకు తెలియునా" అని శిష్యులు కంగారుపడితే, "వారి జోలికి పోకుడి" అన్నాడు.

ఇంతవరకు చదివి, "అయితే హద్దే లేదా, ఇష్టం వచ్చినట్టు ఉండొచ్చా?" అని ఎవరైనా అన్నయ్య అడగొచ్చు. ఉంది, అన్నయ్యా. ఆ పెద్దమనిషి గీసిన హద్దుకంటే బరువైనదే. తాగుడు మానేసి ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్న కూలిపని చేసే తమ్ముడిని ఊహించుకోండి. సాయంత్రం షాపు దాటి ఇంటికి రావడమే అతనికి యుద్ధం. సంఘంలో అందరూ గౌరవించే ఒక ఉద్యోగస్థుడు రిసెప్షన్‌లో బీరు గ్లాసు పట్టుకుని "ఒక్క గ్లాసే కదా, మనకు స్వాతంత్ర్యం ఉంది" అని నవ్వుతుంటే, వడ్డించే చోట నిలబడి ఈ తమ్ముడు చూశాడు. ఆయనకు అది ఒక్క గ్లాసు. ఈ తమ్ముడికి మళ్ళీ మొదలు. భార్య దాచుకున్న డబ్బు, పిల్లల ఫీజు, అన్నీ మళ్ళీ ఆ షాపుకే. "సార్, మీరు తాగడం నాకు అభ్యంతరం" అని అతను ఎప్పుడూ అనడు. ఆదివారం రావడం మానేస్తాడు. ఆ ఉద్యోగస్థుడు నన్ను అడిగితే ఆ గ్లాసు ముట్టొద్దనే చెబుతాను, మొహమాటం లేకుండా.

మనం తలకిందులు చేసుకున్నది ఇక్కడే. పూల దగ్గర, చీర అంచు దగ్గర, గాజుల దగ్గర ఈ వాక్యం గట్టిగా వినిపిస్తుంది. అందులోనూ ఎప్పుడూ ఆడపిల్లలకే. నిజంగా మనుషులు పడిపోయే చోట, అంటే తాగుడు దగ్గర, వడ్డీ వ్యాపారం దగ్గర, కట్నం దగ్గర, ఈ వాక్యం ఎవరికీ గుర్తు రాదు. పెద్ద కుటుంబం లక్షల కట్నం తీసుకుని సంఘంలోనే పెళ్ళి చేస్తే, అది చూసి పేద విశ్వాసి కూతురి కోసం అప్పులపాలవుతాడు. బలహీనుణ్ణి పడేసే అడ్డంటే అది కాదా?

ఇంకో మాట. 8:9లో "స్వాతంత్ర్యము" అన్నచోట గ్రీకులో ఉన్నది ఎక్సూసియా, అంటే హక్కు, అధికారం. గలతీ 5లో కాడి నుంచి విడుదల అనే అర్థంలో వచ్చే ఎలెఫ్తేరియా వేరే మాట. అదే ఎక్సూసియాను పక్క అధ్యాయంలో మనవాళ్ళు "అధికారము" అని అనువదించారు. అక్కడ పౌలు తన సొంత లెక్క చెబుతాడు. సువార్త చెప్పేవాడికి సంఘం నుంచి జీవనం పొందే హక్కు ఉంది. అయినా ఆ హక్కు వాడుకోలేదు. కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట డేరాలు కుట్టి తన చేతులతో బతికాడు. ఎనిమిదో అధ్యాయం చివర "నేనెన్నటికిని మాంసము తినను" అన్నప్పుడు కూడా వదులుకున్నది తన హక్కునే. పక్కవాడి కంచంలోంచి మాంసం తీసేయలేదు. ఆ హక్కును ఎదుటివాడు లాక్కుంటే దాన్ని త్యాగం అనం. పదో అధ్యాయంలో "వేరొకని మనస్సాక్షినిబట్టి నా స్వాతంత్ర్యము విషయములో తీర్పు తీర్చబడనేల?" అని అడిగినవాడు కూడా ఈ పౌలే.

చెల్లెమ్మా, పూల విషయంలో మీ ఇష్టం మీది. మీ పక్కన కూర్చునే వాళ్ళలో అవి చూసి పాత జీవితంలోకి జారిపోయే మనిషి నిజంగా ఎవరైనా ఉంటే, ఆ మనిషి కోసం మీరే తీసేస్తారని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. అలాంటివారు లేకపోతే ఈ వాక్యం మిమ్మల్ని ఆపదు.

నేనైతే 8:9ని ఇప్పటి తెలుగులో ఇలా చెబుతాను: "మీకున్న ఈ హక్కు బలహీనుల కాళ్ళకు అడ్డుపడి వాళ్ళను పడేయకుండా జాగ్రత్తపడండి." "తొట్రుపడు" అనే మాట కూడా నాకు ఇష్టమే, పైగా అది బైబిల్లో ఉన్నదే. అయితే ఇప్పటి పిల్లలకు అది తెలుసో లేదో. ఆదివారం బడిలో చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే, పిల్లలు ఏ మాటను చటుక్కున అందుకుంటారో రాయండి.