డెంగీ తగ్గాక తమ్ముడి నాడి 48 కొడుతోంది, గుండెకేమైనా అయిందా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
మా తమ్ముడికి 27 ఏళ్లు, ఇంతవరకు ఏ జబ్బూ లేదు. పోయిన వారం డెంగీ వచ్చింది. ఆరో రోజుకు జ్వరం పోయింది, 38 వేలకు పడిన ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి, డిశ్చార్జ్ చేశారు. నిన్న రాత్రి వాడు నిద్రపోతుంటే ఎందుకో మనసాగక వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశా, ఆక్సిజన్ 98 ఉంది గానీ నాడి 48. ఇంకో వేలికి పెట్టినా అంతే. పొద్దున 52. మిద్దె మెట్లు ఎక్కితే కూర్చుండిపోతున్నాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మేం ప్లేట్‌లెట్లు ఎంత అనే అడిగాం, గుండె సంగతి తట్టనే లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. డెంగీ గుండె దాకా పోతుందా?

అనంత_సిస్టర్ (అనంతపురం):
తమ్ముడూ, ముందు కాస్త టెన్షన్ తగ్గించుకో. నేను వార్డులో నర్సుని. జ్వరం దిగి కోలుకునేటప్పుడు నాడి నెమ్మదించడం డెంగీలో చాలామందికి కనబడుతుంది, నిద్రలో ఇంకా తగ్గుతుంది, ఎక్కువమందికి కొన్ని రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. అయినా ఒక ఈసీజీ తీయించు, పెద్ద ఖర్చేమీ కాదు. ఒక్కటి చెప్పు, మెట్లెక్కితే వచ్చేది నీరసమా, ఊపిరి అందకపోవడమా? రెండూ ఒకటి కాదు.

గడపవాసి (కడప):
అన్నా, మా నాయన విషయంలో మేం మోసపోయింది ఈ ప్లేట్‌లెట్ల లెక్కతోనే. ఐదో రోజు జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు 70 వేలు, ఫరవాలేదని ఇంటికి పంపారు. సాయంత్రానికి కడుపునొప్పి, రెండు సార్లు వాంతి, చేతులు పట్టుకుంటే కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి ఒంటికి కూడా పోలేదు. వేరే ఆస్పత్రికి పరిగెత్తితే బీపీ 98/80. పైది బాగానే ఉంది కదా అన్నాను నేను. పైదానికీ కిందిదానికీ తేడా 20 లోపుకు వస్తే అది షాకే, అంటే ఒంటికి రక్తం సరిగా అందని ప్రమాద స్థితి అని అక్కడి డాక్టర్ చెప్పి వెంటనే సెలైన్ మొదలుపెట్టారు. జ్వరం దిగిన రోజే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని మాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

జనరల్_మెడిసిన్_పీజీ (కర్నూలు):
కడప తమ్ముడు చెప్పింది చాలా ముఖ్యం. డెంగీలో దెబ్బ ముందు తగిలేది సన్నటి రక్తనాళాలకు. వైరస్ వదిలే ఎన్‌ఎస్1 ప్రోటీన్, దానిమీద మన ఒంట్లో లేచే రియాక్షన్ కలిసి నాళాల లోపలి పొరను వదులు చేస్తాయి, రక్తంలోని నీరు బయటికి ఊరి ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, అందుకే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 40 ఉన్నది 48కి పెరిగిందంటే మాకు భయం. పంప్ చేయడానికి సరిపడా లేక గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఈ లీకు ఒకటి రెండు రోజులే ఉంటుంది, తర్వాత ఆ నీరంతా వెనక్కి వస్తుంది, అప్పుడు కూడా సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఇంట్లోవాళ్లు ఇంకో బాటిల్ పెట్టండని బలవంతం చేస్తారు, దయచేసి చేయకండి.

ఇక గుండె కండరానికే వాపు రావడం, మయోకార్డైటిస్, ఉంది గానీ తక్కువమందికి. ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, నాడి తప్పి తప్పి కొట్టడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, ఈసీజీతోపాటు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేస్తారు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు, పారాసిటమాల్ మాత్రమే. స్టెంట్ వేసుకుని ఆస్పిరిన్ వాడేవాళ్లు జ్వరం రాగానే తమ డాక్టర్‌తో మాట్లాడాలి, సొంతంగా ఆపడమూ ప్రమాదమే.

కొండారెడ్డి_బురుజు:
అక్కా, ఊపిరి బాగానే అందుతోంది, కాళ్లలో సత్తువే లేదంటున్నాడు. ఇప్పుడే ఈసీజీ తీయించాం. నాడి నెమ్మదిగా ఉంది తప్ప లయ సరిగ్గానే ఉందట, ఎకో కూడా నార్మల్. కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దు, జిమ్ముకు పోవద్దు, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. అమ్మకు ఇప్పుడు చెప్పా. విని ఏమీ అనకుండా పోయి మిద్దె మీదున్న నీళ్ల డ్రమ్ము ఒంపేసి, బ్రష్షుతో లోపలి అంచులన్నీ రుద్దుతూ కూర్చుంది.