ఫ్లోరిడా సీడీడీ: బడ్జెట్‌లో ఒక లెక్క, టాక్స్ బిల్లులో ఇంకో లెక్క

టాంపా శివార్లలో ఉన్న కొత్త కమ్యూనిటీలో మా ఇల్లు. రోడ్లు, వాన నీటి చెరువులు, క్లబ్‌హౌస్ అన్నీ సీడీడీవే, అంటే 1980 నాటి రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్‌వి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు వేరు, అది నెలనెలా కడుతున్నాం. హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను తగ్గింపు) సీడీడీ చార్జీకి వర్తించదని తెలుసు, కాబట్టి ఆ సలహా వద్దు.

నవంబర్‌లో వచ్చిన ప్రాపర్టీ టాక్స్ బిల్లులో నాన్ యాడ్ వలోరెమ్ (ఇంటి విలువను బట్టి వేయని చార్జీలు) కింద సీడీడీకి ఒకటే లైన్: 2,640 డాలర్లు. రోడ్లు వగైరా కట్టడానికి డిస్ట్రిక్ట్ తెచ్చిన బాండ్ అప్పులో మా వాటా ఎంత, నిర్వహణ ఖర్చు ఎంత అనే విభజన లేదు. బాండ్ ముందే తీర్చేద్దామని ఆలోచన, అందుకే తవ్వడం మొదలుపెట్టాను.

డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అక్టోబర్ 1 నుంచి మొదలయ్యే బడ్జెట్ దొరికింది. 50 అడుగుల లాట్‌కి నిర్వహణ 1,034, బాండ్ 1,448. మొత్తం 2,482. బిల్లుకీ దీనికీ 158 డాలర్లు తేడా! మాది 50 అడుగుల లాటేనని ప్లాట్ మ్యాప్‌లోనూ చూశాను. పాత బాకీ ఏమీ లేదు.

కౌంటీ టాక్స్ ఆఫీసువాళ్లు "మేం వసూలు చేసిపెడతాం అంతే" అన్నారు. హెచ్‌ఓఏ మాకు సంబంధం లేదంది. డిస్ట్రిక్ట్ మేనేజర్‌కి మెయిల్ పెడితే మళ్లీ అదే బడ్జెట్ పీడీఎఫ్ పంపారు.

నవంబర్‌లో కడితే ఇచ్చే 4 శాతం డిస్కౌంట్‌నీ, కౌంటీ వసూలు ఖర్చునీ ముందే కలిపి బిల్లు పెంచుతారా, లేక మమ్మల్ని పెద్ద లాట్ కేటగిరీలో వేసి ఉంటారా?